గుట్ట కదల్లేదని చెప్పిన కంప్యూటరు

కంప్యూటరు పని అంటే చల్లని గది, మెత్తని కుర్చీ, దిగులు లేని బతుకు అని మా బంధువులు ఇప్పటికీ అనుకుంటారు. ఆ కుర్చీలో కూర్చున్నన్నాళ్ళూ నేను భయపడుతూనే కూర్చున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు బళ్ళారి గాంధీనగర్‌లో మా ఇంటికి వచ్చి, ఏ కోర్సు చదవాలి, యాడ చేరితే మంచిది అని అడుగుతుంటారు. భయం సంగతి ఎవరూ అడగరు. అడగనిదే రాద్దామని కూర్చున్నాను.

నా పేరు సుగుణ. సండూరు కొండల్లో, దోణిమలై దాటి ఇంకా లోపలికి పోతే వచ్చే ఒక ప్రైవేటు ఇనుప గనిలో కంప్యూటర్లు చూసుకునేదాన్ని. గని పేరు రాయను. అక్కడ నాతో పనిచేసినవాళ్ళు మంచివాళ్ళు, వాళ్ళకు నా వల్ల ఇబ్బంది రాకూడదు.

పని ఏమిటంటే

బజారులో దొరికే ప్రోగ్రాములను కంప్యూటర్లోకి ఎక్కించడం పెద్ద విద్య కాదు. బటన్ నొక్కితే అవే ఎక్కుతాయి. గనిలో వాడేవి కొన్ని అట్లా రావు. ఎప్పుడో ఎవరో ఇంజనీరు రాసిపెట్టిపోయిన ప్రోగ్రాము, ఆయన రాసిన రూపంలోనే మన చేతికొస్తుంది. దాన్ని మన మెషీనుకు అర్థమయ్యేలా మార్చుకోవాలి. ఆ మార్చే పని కంపైలరుది. దానికి ఎక్కడైనా పొసగకపోతే తెరనిండా ఎర్రక్షరాలు కక్కి నిలిచిపోతుంది. మొదటిసారి చూసినవాళ్ళకు కాళ్ళూ చేతులూ ఆడవు.

నాకు ఈ పని నేర్పింది చంద్రశేఖర్ సారు. నేను చేరిన కొత్తలో తెర కిందిభాగంలో కనిపిస్తున్న చివరి తప్పును పట్టుకుని తల బద్దలు కొట్టుకుంటుంటే ఆయన వెనక నిలబడి నవ్వినారు.

"కిందది యాల చదువుతాండావమ్మా? గూడ్సు బండిలో ముందు వ్యాగను పట్టా దిగితే ఎనకున్నవన్నీ దిగుతాయి. దిగినవన్నీ లెక్కబెడతా కూసుంటావా, మొదటిది యాడ దిగిందో చూస్తావా?"

అప్పటినుంచి ఎన్ని వందల తప్పులు కనిపించినా పైకి పోయి మొదటిదాన్నే చదివేదాన్ని. చాలాసార్లు అదొక్కటి సరిచేస్తే మిగిలినవన్నీ మాయమయ్యేవి. ఇంత మంచి పాఠం నాకు మళ్ళీ ఎవరూ చెప్పలేదు.

ఆయనే ఇంకో మాట కూడా చెప్పేవారు. "ఎర్రగా ఉంటే తప్పు, దాన్ని చూడు. పసుపుగా ఉంటే ఉత్త ఎచ్చరిక, పట్టించుకోవద్దు. పని నడిస్తే సాలు." ఈ మాట మాత్రం తప్పు. గురువు చెప్పిన రెండు మాటల్లో ఒకటి బంగారం, ఇంకొకటి ఇత్తడి కావచ్చు. ఏది ఏదో తెలిసేసరికి నాకు జుట్టు నెరిసింది.

డంపు కింద దారి

ఇనుము కోసం కొండను తవ్వితే పనికిరాని మట్టి చాలా వస్తుంది. దాన్ని ఒకచోట పోస్తూ పోతే అదే ఇంకో గుట్ట అవుతుంది. మేము దాన్ని డంపు అంటాం. మా గనిలో డంపు కిందనుంచే లోయలోని తవ్వకానికి దారి. షిఫ్టు బస్సు, టిప్పర్లు, నీళ్ళ ట్యాంకరు అన్నీ దాని కిందనుంచే పోవాలి.

వానలొస్తే డంపు పైన నెర్రెలు పడతాయి. ఆ నెర్రెలు ఎంత విచ్చుకుంటున్నాయో కొలవడానికి పైన మీటర్లు పెట్టినారు. అవి కొలిచిన అంకెలన్నీ ఒక పెట్టెలో దాచుకుంటాయి. మా ఆఫీసులోని కంప్యూటరు ఆ పెట్టెనుంచి అంకెలు తీసుకుని తెరమీద ఒక గీత గీస్తుంది. గీత పైకి లేస్తే గుట్ట కదులుతోందని అర్థం, దారి మూసెయ్యాలి. గీతను చూసి చెప్పే బాధ్యత సర్వే ఇంజనీరు బసవరాజుది. ఆ గీత కనిపించేలా చూసే బాధ్యత నాది.

నేను రిటైరవడానికి కొంతముందు, ఒక వానాకాలంలో, ముసురు విడవకుండా పట్టింది. ఒక మధ్యాహ్నం పిడుగు పడి ఆ కంప్యూటరు కాలిపోయింది. మీటర్లు, పెట్టె బాగానే ఉన్నాయి. అంకెలు పెట్టెలో చేరుతూనే ఉన్నాయి. చూసే కన్ను మాత్రం పోయింది.

మైన్స్ మేనేజరు రామిరెడ్డి సారు వెంటనే దారి మూయించినారు. అనంతపురం మనిషి, మాట గట్టిదే కానీ పిచ్చి ధైర్యాలు చేసే రకం కాదు. కానీ తవ్వకంలోకి వాననీళ్ళు దిగుతున్నాయి. పంపు ఆపితే అంతా చెరువైపోతుంది. అందుకని పంపు ఆపరేటరు హనుమంతప్ప ఒక్కడు మాత్రం పక్కనున్న కాలిబాటలో దిగి, పంపు చూసుకుని వస్తుండేవాడు. ఆ పంపు ఉండేది డంపు పాదం దగ్గరే.

బళ్ళారి నుంచి కొత్త డెస్క్‌టాప్ వచ్చింది. ఇక అందరి చూపూ నా మీద పడింది.

గీత వచ్చింది

పొద్దున్నే మొదలుపెట్టాను. బసవరాజు నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రామిరెడ్డి సారు అయిదు నిమిషాలకొకసారి తలుపు దగ్గరికి వచ్చి పోతున్నారు. ఆయన బూట్ల చప్పుడు వినిపించినప్పుడల్లా నా వేళ్ళు తప్పు అక్షరాల మీద పడేవి.

కంపైలరు మొదటిసారి ఒక ఫైలు లేదని ఆగింది. అది చిన్న సంగతి. ప్రోగ్రాము ఆనుకునే ఇంకో ప్యాకేజీ కొత్త మెషీనులో లేదు, అంతే. వానకు నెట్టు వస్తూ పోతూ ఉంది. ఎలాగో దింపుకుని వేశాను. రెండోసారి వేరే తప్పు చెప్పింది. పెట్టెనుంచి అంకె తెచ్చుకునే చోట, నువ్వు ఇచ్చిన గిన్నె కొలత వేరు, వాళ్ళు నింపే గిన్నె కొలత వేరు, ఇది కుదరదు అని దాని భాషలో చెప్పింది. అదే తప్పు చాలాచోట్ల.

"పాత మెషీనులో ఇదే ప్రోగ్రాము చెన్నాగి నడిచింది గదా మేడం," అన్నాడు బసవరాజు. ఇంట్లో కన్నడం, మాతో తెలుగు, రెండూ కలిసే వచ్చేవి అతనికి. ఫోనులో వెతికి నాకు చూపించినాడు. "ఈడ ఎవరో రాసిండారు చూడండి. ఈ ఒక్క మాట చేరిస్తే తప్పును ఉత్త ఎచ్చరిక చేసేసి ముందుకు పోతాదంట."

అది నిజమే. కొత్త కంపైలర్లు పాతవాటికంటే కఠినం. ఇదివరకు హెచ్చరికతో వదిలేసినవాటిని ఇప్పుడు తప్పులుగా పట్టుకుంటున్నాయి. వాటిని మళ్ళీ మెత్తబరిచే దారి కూడా ఉంది. రామిరెడ్డి సారు మా వెనకే నిలబడి ఉన్నారు. కనీసం ఏమవుతుందో చూద్దామని ఆ మాట చేర్చి నడిపించాను.

ఎర్రవన్నీ పోయి పసుపు అక్షరాలు వరసగా దొర్లిపోయాయి. ప్రోగ్రాము తయారయింది. తెరిచాను. గీత వచ్చింది. అడుగున, ఈ చివరనుంచి ఆ చివరకు, సమంగా ఉంది. గుట్ట వెంట్రుకవాసి కూడా కదల్లేదని దాని అర్థం.

బసవరాజు ఊపిరి వదిలి కుర్చీకి ఆనుకున్నాడు. "ఆయ్తు సార్, పనైపోయింది. ఏం కదల్లేదు."

రామిరెడ్డి సారు జేబులోంచి ఫోను తీసినారు. కింద గేటు దగ్గర షిఫ్టు బస్సు మనుషులతో నిండి నిలబడి ఉంది. వాళ్ళను పంపమని చెప్పడానికి తీసినారని నాకు తెలుసు.

ఆ గీతను నేను ఏళ్ళతరబడి చూసినాను. గుట్ట ఎంత నిమ్మళంగా ఉన్నా అది కొంచెం ఎగుడుదిగుడుగానే ఉండేది. ఎండకు మీటరు కడ్డీ సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది, టిప్పరు పోతే అదురుతుంది. ఈ గీత స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. ఇంత వానలో ఏ గుట్టా అంత బుద్ధిగా కూర్చోదు.

"సార్, ఫోను చెయ్యొద్దు," అన్నాను.

"ఏమి? తప్పులు పోయినాయి గదమ్మా."

"పోలేదు సార్. వాటి నోరు మూయించినాం."

ఆయన నన్ను, తెరను మార్చి మార్చి చూసినారు. "అయితే గుట్ట కదుల్తాండాదా?"

"తెలీదు సార్."

"కదల్లేదా మరి?"

"అదీ తెలీదు."

"ఏందమ్మా ఇది. తెలీదంటే నేనేం చేసేది? కదుల్తాందంటే మూస్తా, లేదంటే తెరుస్తా. తెలీదనేదానికి నా దగ్గర ఏ గేటు ఉండాది?"

ఆయన అడిగింది న్యాయమే. నాకు తెలీదన్న మాట పైవాడి ముఖం మీద చెప్పడమంత కష్టం ఈ ఉద్యోగంలో ఇంకేదీ లేదు. గీత నిజమే అయితే ఒక షిఫ్టంతా నా అనుమానంతో పాడుచేసినదాన్ని అవుతాను. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

"మూసినట్టే ఉండనీయండి సార్. నాకు కొంచెం టైము కావాల."

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు. "మధ్యాన్నం భోజనం దాకా. ఆ తర్వాత హెడ్డాఫీసు అడిగితే ఏం చెప్పాల్నో నువ్వే చెప్పు నాకు," అని బయటికి పోయినారు.

గిన్నెలో సగం

చేర్చిన మాట తీసేసి మళ్ళీ నడిపించాను. ఎర్రక్షరాలు తిరిగి వచ్చాయి. పైకి పోయి మొదటిదాన్ని చదివాను. ఈసారి దాన్ని ఎలా తప్పించుకోవాలని చదవలేదు, ఇది నాకేం చెప్తోందని చదివాను. ఈ రెండు చదువులూ వేరని అప్పుడే తెలిసింది.

వాన రేకుల మీద దబదబ కొడుతోంది. చిన్నప్పుడు చర్చిలో అమ్మ నేర్పిన ప్రార్థన పెదాల మీదికొచ్చింది, సగంలో మాటలు తప్పిపోయాయి. బసవరాజు టీ తెచ్చి పెట్టినాడు. అది చల్లారిపోయింది.

అర్థమైనాక చూస్తే సంగతి సులువే. అంకెను దాచుకోవడానికి ప్రోగ్రాము ఒక గిన్నె పెడుతుంది. పాత మెషీనులో ఆ రకం గిన్నె చిన్నది. పెట్టెనుంచి వచ్చే అంకె దాన్ని సరిగ్గా నింపేది. కొత్త మెషీనులో అదే పేరున్న గిన్నె రెండింతలు పెద్దది. వచ్చే అంకె సగమే నింపుతుంది. మిగతా సగంలో అంతకుముందున్న చెత్త అట్లే ఉండిపోతుంది. రెండూ కలిపి చదివితే గుట్ట ఊరవతలికి జరిగినంత పిచ్చి అంకె వస్తుంది. ప్రోగ్రాము రాసిన పాత ఇంజనీరు జాగ్రత్తపరుడు. నమ్మశక్యం కాని అంకె వస్తే పారేసి, ముందున్న విలువనే చూపించమని రాసిపెట్టినాడు. మొదట ఉన్న విలువ సున్న. అందుకే అన్నీ సున్నలు, అందుకే ఆ అందమైన గీత.

ఒకరి జాగ్రత్త ఇంకొకరి తొందరతో కలిస్తే అబద్ధం ఇంత నున్నగా తయారవుతుంది. ఆ అబద్ధాన్ని కంపైలరు ఒక్కటే ముందుగా పట్టుకుంది.

ఆ గిన్నెలు పెట్టిన చోట్లన్నీ వెతికి చిన్నవిగా మార్చాను. కంపైలరు ఈసారి ఎర్రా అనలేదు, పసుపూ అనలేదు. తెరిచాను.

గీత ఎగుడుదిగుడుగా బయలుదేరింది. పిడుగు పడిన నాటినుంచి నెమ్మదిగా పైకి లేస్తూ వచ్చింది. నిన్నటినుంచి నిట్టనిలువుగా లేచింది.

బసవరాజు ముందుకు వంగినాడు. "ఇది నిజమేనా మేడం?"

నాకూ అదే భయం. పొద్దున లేదని అబద్ధం చెప్పిన ప్రోగ్రాము ఇప్పుడు ఉందని అబద్ధం చెప్పదని నమ్మకమేంది? సవరించింది నేనే, ఇంకో తప్పు చేసి ఉండొచ్చు. అప్పుడు గోడ మీద చూశాను. మెషీను కాలిపోకముందు అచ్చువేసి అంటించిన పాత గీత అక్కడ ఉంది. పెట్టెలో పాత అంకెలు కూడా ఉన్నాయి కాబట్టి, ఆ రోజులవే కొత్త ప్రోగ్రాముకు ఇచ్చి గీయించాను. బసవరాజు గోడమీది కాగితం పీకి తెర పక్కన పెట్టినాడు. ప్రతి ఎత్తూ ప్రతి పల్లమూ కలిశాయి.

జవాబు ముందే తెలిసిన లెక్క ఒకటి ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి. నేను చెప్పగలిగిన సలహాల్లో ఇదే పెద్దది.

వాకీటాకీ

బసవరాజు వాకీటాకీ అందుకున్నాడు. "హనుమంతప్పా, మేలే బా. బేగ పైకి రా."

కొంచెం ఆగి జవాబు వచ్చింది. "నీళ్ళు పీల్చే పైపు కింద, ఫుట్‌వాల్వులో చెత్త ఇరుక్కొనిండాది సార్. తీసేసి వస్తా."

"అది ఇడిసిపెట్టప్పా, రా."

"ఇదొక్కటి తీసేస్తా సార్. లేకుంటే పంపు కాలిపోతాది."

తప్పు అతనిది కాదు. ముసురు మొదలైనప్పటినుంచి రోజూ ఏదో ఒక వేళ పైకి రమ్మని పిలవడం, తర్వాత ఏమీ లేదని మళ్ళీ దించడం జరుగుతూనే ఉంది. పంపు ఆగితే మాట పడేది అతనే. బసవరాజు ఇంకోసారి పిలిచినాడు. అటునుంచి పంపు మోత తప్ప ఏమీ లేదు.

ఏం చేస్తున్నానో తెలియకుండానే వాకీటాకీ అతని చేతిలోంచి లాక్కున్నాను. ఆ వస్తువును నేను అంతకుముందు ఎప్పుడూ పట్టుకోలేదు.

"హనుమంతప్పా, నేను కంప్యూటరు రూములో సుగుణను. పానా ఆడే పారెయ్. ఇప్పుడే రాప్పా. నాకు భయమైతాంది."

మాట సరిగ్గా బయటికి రాలేదు. సగం మాటలు వణికాయి. తలుపు దగ్గర రామిరెడ్డి సారు, గుమాస్తాలు అందరూ నిలబడి వింటున్నారు.

అటునుంచి ఇంకా అదే మోత. తర్వాత పంపు మోత ఆగిపోయింది.

"వస్తాండా," అన్నాడు.

కాలిబాట మలుపు మా కిటికీలోంచి కనిపిస్తుంది. అక్కడ అతని పసుపు వానకోటు కనిపించేదాకా నేను రెప్ప వేయలేదు. కనిపించినాక కూడా కూర్చోలేకపోయాను.

అయితే గుట్ట పడలేదు. భోజనాలు అయిపోయాయి. షిఫ్టు బస్సు మనుషులను వెనక్కి తీసుకుపోయింది. హెడ్డాఫీసు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. రామిరెడ్డి సారు ప్రతిసారీ "మూసే ఉండాది సార్" అని ఒకటే మాట చెప్పినారు. హనుమంతప్ప వరండాలో బీడీ కాలుస్తూ ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. నేను ప్రోగ్రామును మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చదివాను. పడకపోతే నన్ను పిరికిదంటారు. పడాలని కోరుకోవడం పాపం. ఆ రెండింటి మధ్య నా మనసు ఎటూ నిలవలేదు.

సాయంత్రం టీ వేళకు టిప్పరు మట్టి దించినట్టు ఒక చప్పుడు మొదలైంది. టిప్పరు చప్పుడు కొంతసేపటికి ఆగిపోతుంది. ఇది ఆగలేదు. మేమంతా వరండాలోకి పరుగెత్తాము. డంపు ముందుభాగం మొత్తం ఎర్రని బురదగా జారి, లోయలోకి పోయే దారిమీద పరుచుకుంటోంది. అది నిలిచేసరికి దారి లేదు, పంపూ లేదు. బసవరాజు స్తంభం పట్టుకుని నిలబడినాడు.

ఆ తర్వాత

మరుసటి రోజు రామిరెడ్డి సారు నా గదిలోకి వచ్చి, ఎప్పుడూ కూర్చోని మనిషి, కుర్చీలో కూర్చున్నారు.

"సుగుణమ్మా, నిన్న పొద్దున నువ్వు సరే అనింటే నేను బస్సు పంపించింటా," అన్నారు.

"నాకు తెలుసు సార్."

"నువ్వు కదుల్తాందనింటే నమ్మేవాణ్ణో లేదో. తెలీదన్నావు సూడు, దానికి ఆగినా." లేచి వెళ్ళిపోయినారు.

పిల్లలకు చెప్పేది ఇదే. ఇన్‌స్టాల్ కావడం వేరు, పనిచేయడం వేరు. తప్పును మాయం చేసే మంత్రాలు ఇంటర్నెట్టులో కావలసినన్ని దొరుకుతాయి. వాటిని రాసినవాళ్ళకు మీ గుట్ట ఎక్కడుందో, దాని కింద ఎవరున్నారో తెలియదు. మీకు తెలుసు కాబట్టి చదవాల్సింది మీరే. భయపడని మనిషి ఈ పనికి మంచివాడని కొందరు బాసులు అంటారు. నేను ఒప్పుకోను. అయితే భయపడడం తేలికని కూడా చెప్పను. ఆ రోజు తర్వాత చాలాకాలం వాన చప్పుడు వింటే నాకు అన్నం దిగేది కాదు.

రిటైరయినాక ఒకసారి బళ్ళారి బస్టాండులో హనుమంతప్ప కనిపించినాడు. వాళ్ళది రూపనగుడి. భార్యతో కలిసి సంతకొచ్చి తిరిగి పోతున్నాడు. నన్ను చూసి దగ్గరికి వచ్చినాడు.

"అమ్మా, ఆ పొద్దు వాకీటాకీలో మాట్లాడింది నువ్వే గదా?"

"నేనేనప్పా."

"సారువాళ్ళు రోజూ చెప్తాండ్రి, పైకి రా, పైకి రా అని. అలవాటైపోయిండె నాకు. నీ గొంతు వణుకుతాండె. దానికే వచ్చినా."

ఆఫీసులో అందరి ముందూ అట్లా వణికిపోయానే అని నేను అన్నాళ్ళూ సిగ్గుపడుతూ ఉన్నాను. ఆ మాట అతనికి చెప్పలేదు. రూపనగుడి బస్సు వచ్చింది. ముందు భార్యను ఎక్కించి, సంచి అందించి, అతను ఎక్కినాడు.